పద్దెనిమిదో గోరు

“చూసింది ఎన్ని గంటలకు?”

“బేస్తారం పొద్దుమీకి, మేడం.”

“పొద్దుమీకి అంటే కోర్టుకు సమజ్ కాదు లింబయ్యా. గంట చెప్పు.”

వాకిట్లో ఆరబోసిన పసుపు కొమ్ముల పక్కన గొంతుక్కూర్చున్న లింబయ్య తల గోక్కున్నాడు. జేబులోంచి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. “పులి ముంగట నిలవడ్డప్పుడే మా ఇంటిది శైలజ ఫోన్ జేసింది. పాలప్యాకెట్ తెమ్మన్నది. అండ్ల ఉంటది సూడుండ్రి.”

జ్యోతిరాణి చూసింది. గురువారం సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలు. ఇవాళ శనివారం. తన చేతి గడియారంలో మధ్యాహ్నం ఒంటిగంట పది. నలభై ఎనిమిది గంటల్లో మిగిలింది ఇక నాలుగు గంటల పది నిమిషాలే.

పొద్దున నిజామాబాద్‌లో ప్లీడర్ రామ్‌దాస్ ఫోన్ చేసినప్పుడు ఆమె ఇంకా టిఫిన్ కూడా తినలేదు. బోధన్ రోడ్డు మీద చచ్చిపడి ఉన్న చిరుతపులిని ఒక రైతు తన పొలంలో పాతిపెట్టాడట, రెండు రోజులకు భయం పుట్టి చెబుతున్నాడట, గడువు దాటకముందే పోయి చూడమన్నాడు. జ్యోతిరాణి పన్నెండేళ్లు పశువుల బీమా క్లెయిములు తనిఖీ చేసిన మనిషి. చచ్చిన బర్రెను ఒకసారి చూస్తే అది ఎలా చచ్చిందో, ఇంటివాళ్లలో ఎవరు అబద్ధమాడుతున్నారో చెప్పేస్తుందని పేరు. ఆ పేరుతోనే ఇప్పుడు వకీళ్లకు డిటెక్టివ్ పని చేసిపెడుతోంది. చచ్చిన పశువులతో ఆమెకు ఎన్నడూ పేచీ లేదు. అబద్ధాలన్నీ బతికున్నవాళ్లవే.

“ఇను లింబయ్యా. అడవి జంతువును నువ్వు చంపినా సర్కారుదే, రోడ్డు మీద చచ్చి దొరికినా సర్కారుదే. గోరు నుంచి తోక దాక. చేతికి దొరికిన నలభై ఎనిమిది గంటల్లో ఠాణాలనో, ఫారెస్టు ఆఫీసర్‌కో చెప్పాలె. చెప్పకపోతే దాచినట్టు లెక్క. చిరుత గనుక మూడేండ్ల నుంచి ఏడేండ్ల దాక జైలు.”

లింబయ్య దిగ్గున లేచాడు. “సచ్చినదాన్ని పాతిపెడితే ఏడేండ్లా మేడం? కోతి సస్తే ఊరంత కలిసి డప్పు కొట్టి పాతిపెడ్తం. అప్పుడెవ్వలేమనకపోయిరి.”

“కోతిని పెట్టినట్టే దీన్నీ పెట్టినవ్. నీ తప్పు అదే. నిన్ననన్నా ఠాణాకు పోకపోయినవా?”

“పోయిన మేడం. బోధన్‌ల ఠాణా ఎదురుంగ హోటల్ల కూసోని మూడు చాయలు తాగిన. లోపలికి పోనీకి కాళ్లు రాలే. మర్లొచ్చిన.”

రోడ్డు దాటి ఉంటే సరిపోయేది. మూడు చాయలు తాగి తిరిగొచ్చాడు. ఆమెకు తిట్టాలనీ అనిపించింది, భుజం తట్టాలనీ అనిపించింది. రెండింటికీ టైము లేదు.

“పులిని లేపినప్పుడు మెత్తగ ఉండెనా, బిర్రుగ ఉండెనా?”

“కట్టె లెక్క ఉండె. కాళ్లు సాపుకొని బిర్రుగ.”

“నెత్తురు?”

“నడుం మీదికెళ్లి టైరు పోయింది. ఎముకలు నుగ్గునుగ్గైనయ్. నెత్తురు మాత్రం…” లింబయ్య ఆగాడు. ఆ సంగతి తనకే ఇప్పుడు తట్టినట్టుంది. “చుక్క లేదు మేడం.”

ఆమె పెన్ను ఆగింది. బతికున్న పశువును బండి గుద్దితే రోడ్డు తడుస్తుంది. చచ్చినదాని మీద బండెక్కితే ఎముకలు విరుగుతాయి తప్ప నెత్తురు కారదు. పైగా కట్టెలా బిగుసుకుపోయిందంటే చచ్చి చాలా గంటలైంది. చెరకు ట్రాక్టర్లు సందు లేకుండా తిరిగే రోడ్డు మీద పట్టపగలంతా పులి పడి ఉంటే ఎవరి కంటా పడకుండా ఉంటుందా? ఎవరో తెచ్చి పడేశారు. లింబయ్య రావడానికి కాస్త ముందే.

“నీకంటె ముందు ఎవరున్నరక్కడ?”

“బాపురావు పటేలు. ఆయన చెరుకు ట్రాక్టరే మూలమలుపుల ఆగుండె. ‘ఫారెస్టోళ్లు ముట్టినోని మీదనే కేసు పెడ్తరు. దేవి వాహనం, కుక్కలు పీకకముందే నీ పొలంల పాతిపెట్టు, పుణ్యముంటది, ఎవ్వలకు జెప్పకు’ అన్నడు. తన మనుషులతోని లేపిచ్చి, తన ట్రాలీ మీదనే మా పొలం దాక పంపిండు. శానా మంచి మనిషి.”

ఇంత మంచితనం జ్యోతిరాణికి ఎప్పుడూ సరిపడదు. ఆమె ఇంకో ప్రశ్న వేసింది. “పాతేటప్పుడు గోర్లన్నీ ఉన్నయా?”

“ఉన్నయ్ బిడ్డా,” అంది గడప మీద కూర్చున్న సాయవ్వ, లింబయ్య తల్లి. “పసుపు రాసి, కొత్త ధోతి కప్పి, మీద ఉప్పు పోసి పెట్టినం. మనిషికి జేసినట్టు జేసినం. ఏం తక్కువ జెయ్యలే.”

అడిగింది కొడుకుని. జవాబు తల్లి దగ్గరినుంచి వచ్చింది, అదీ అడిగీ అడగకముందే. సాయవ్వ ఒళ్లో ఏడాది మనవడున్నాడు. ఈ ఎండలో ఆ పసివాడికి మెడ దాకా గుండీలు పెట్టిన నిండు చేతుల అంగీ తొడిగారు. జ్యోతిరాణి అది చూసి పుస్తకంలో రాసుకోకుండా మనసులో పెట్టుకుంది.

అంతలో దడి అవతల ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. ఇరవై రెండేళ్లుంటాయి. చేతిలో మగవాళ్ల నీలం హవాయి చెప్పు ఒకటే ఉంది, తెగిన పట్టీ ఎర్ర దారంతో కట్టి ఉంది. “మాఝా నవరా పాహిలా కా?” అని అడిగింది, నా మొగుణ్ణి చూశారా అని. సాయవ్వ లేదన్నట్టు తల ఊపగానే మారు మాట్లాడకుండా పక్కింటికి వెళ్లిపోయింది.

“నాందేడ్ దిక్కు పిల్ల,” అంది సాయవ్వ. “చెరుకు కొట్టనీకొచ్చిండ్రు. బేస్తారం తెల్లారంగ నుంచి మొగడు కనవడ్తలేడట. ఈ చెప్పొక్కటే దొరికిందట. పాపం, ఇల్లిల్లు తిరుగుతాంది.”

ఆ పిల్ల కోసం ఎక్కువసేపు బాధపడే వీలు లేకపోయింది. వెనక జాలీ బోను బిగించిన ఫారెస్టు జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చి వాకిట్లో ఆగింది.

* * *

జీపు దిగిన రేంజ్ ఆఫీసర్ మహేందర్ ఎవరినీ పలకరించలేదు. నేరుగా లింబయ్య దగ్గరికి వచ్చి, “వైరు ఎక్కడ దాచినవ్?” అన్నాడు.

“ఏం వైరు సార్?” అన్నాడు లింబయ్య బిత్తరపోయి.

అప్పుడు మహేందర్ జ్యోతిరాణిని చూశాడు. మొహం చేదు మింగినట్టు అయింది. నిరుడు ధర్పల్లిలో పన్నెండు మేకలను చిరుత చంపిందని ఆయన పేపర్లకు చెప్పాడు. ఆ పని ఊరకుక్కలదని మూడో రోజు ఆమె నిరూపించింది. అప్పటినుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

“మీరిక్కడికి కూడా వచ్చారా? ఇది మేకల కేసు కాదు జ్యోతిరాణి గారు. పది రోజులుగా ఆ చిరుత అడుగుజాడల వెంట తిరుగుతున్నాను. ఊరూరా చెప్పించాను, కెమెరాలు పెట్టించాను. గురువారం నుంచి అది కనిపించట్లేదు. పొద్దున తొమ్మిదింటికి ఎవరో ఫోన్ చేసి ఈయన పొలంలో ఉందన్నారు.”

“మా కక్షిదారు తనంతట తానే రిపోర్టు ఇస్తున్నాడు. ఐదు ఇరవై దాకా గడువుంది.”

“నేను పట్టుకున్న తరువాత రిపోర్టేంటి?”

“చట్టంలో నలభై ఎనిమిది గంటలని ఉంది. మీరు వచ్చేదాకా అని లేదు.”

మహేందర్ పొలం వైపు నడిచాడు.

పసుపు తవ్విన మడి కావడంతో మన్ను గుల్లగా ఉంది. ఇద్దరు గార్డులు అరగంటలో గొయ్యి తెరిచారు. ఉప్పు వల్ల చిరుత పెద్దగా చెడలేదు. పసుపు పూసిన మొహం చూసి గార్డుల్లో ఒకడు తెలియకుండానే దండం పెట్టాడు. జ్యోతిరాణి మోకాళ్ల మీద కూర్చుని బొచ్చులోకి చూసింది. పొట్ట కింద, తొడల మధ్య చీలికలైన చెరకు ఆకులు ఇరుక్కుని ఉన్నాయి. లింబయ్య గుంటెడు నేలలో కూడా చెరకు వేయలేదు.

మహేందర్ మాత్రం పంజాలు చూస్తున్నాడు. “ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి. పద్దెనిమిది ఉండాలి.” ఒక్కొక్కటే వేలితో తడుముతూ లెక్కపెట్టాడు. కుడి ముందు కాలి దగ్గర ఆగాడు. “పదిహేడు.”

లింబయ్య గొయ్యి అంచుకు వచ్చాడు. “నాకెర్క లేదు సార్. మా పోరని మీద ఒట్టు.”

“ఒట్లు కోర్టుల వెయ్యి. ఎక్కించండి.”

గార్డులు చిరుతను టార్పాలిన్‌లో చుట్టి బోనులో వేశారు. దాని పక్కనే లింబయ్యను కూర్చోబెట్టి తాళం పెట్టారు. మహేందర్ చెవి జేబులో వేసుకున్నాడు.

గోరు దాచి రిపోర్టు రాస్తే అది తప్పుడు రిపోర్టు. అప్పుడు గడువు మిగిలినా ఒకటే, దాటినా ఒకటే. జ్యోతిరాణి సాయవ్వ ముందుకు వెళ్లి నిలబడింది.

“అవ్వా. పోరని అంగీ గుండీలు ఇప్పు.”

సాయవ్వ కళ్లు జాలీ వెనక ఉన్న కొడుకు మీదికి పోయాయి. తరువాత గుండీలు ఒక్కొక్కటీ విప్పింది. పసివాడి మెడలో నల్లదారానికి గోరు వేలాడుతోంది.

“రాత్రి కాంగనే ఉలిక్కిపడి లేస్తుండు బిడ్డా. పులిగోరు కడితే జడుపు పోతదంటరు. దాన్ని మేం సంపలే, సచ్చి దొరికింది. మన్నుల కలిసేదే గద, బతికెటోనికి అక్కెరకొస్తదనుకున్న. వానికి గూడ జెప్పలే.” ఆమె మహేందర్ వైపు తిరిగింది. “నన్ను తోల్కపోండ్రి సారూ. నా కొడుకును ఇడిసిపెట్టుండ్రి.”

“ఎట్ల కోసినవవ్వా? కత్తితోనా?”

“కొయ్యలే. పట్టుకుంటె ఊడొచ్చింది. నల్లగ మాడి ఏలాడుతుండె.”

జ్యోతిరాణి గోరును వెలుగుకేసి పెట్టి చూసింది. మొదలు బొగ్గులా మాడి ఉంది. ఆ మాడిన మాంసంలో కరిగి గడ్డకట్టిన సన్నటి ఇనుప తీగ ముక్క అతుక్కుని ఉంది. ఇన్ని క్లెయిముల్లో ఇలాంటి డెక్కలు ఎన్ని చూసిందో.

“సార్, ఇది కరెంటు. అడవిపందుల కోసం చేను చుట్టూ పెట్టే తీగ. కుడి కాలు దాని మీద వేసింది. చచ్చాక గంటలకు రోడ్డు మీదికి తెచ్చి, టైరు ఎక్కించి, యాక్సిడెంటు లెక్క చేసిండ్రు.”

“నేను చెప్పేదీ అదే కదా. వైరు ఈయనే పెట్టాడు.”

“ఒక్క మాట చెప్పండి. మీరు జీపు దిగంగనే అడిగిన మొదటి మాట ఏంది?”

మహేందర్ కనుబొమలు ముడిపడ్డాయి. “వైరు ఎక్కడ దాచావని. ఫోన్ చేసినవాడు చెప్పాడు, కరెంటు వైరు పెట్టి చంపాడని.”

“దీన్ని చూసినోళ్లంతా బండి గుద్దిందనే అనుకున్నరు. పాతినోడు కూడా. కరెంటని చెప్పేది ఈ ఒక్క గోరు. రెండు రోజులుగ ఇది పోరని అంగీ లోపల ఉంది. మరి ఫోన్ చేసినాయనకు ఎట్ల తెలిసింది?”

మహేందర్ తనూ వంగి గోరు మొదలును చూశాడు. మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. ఆయన చూస్తుండగానే ఆమె తెల్లకాగితం తీసి రిపోర్టు రాసింది. దొరికిన గంట, చోటు, పాతిన చోటు, సాయవ్వ తీసిన గోరుతో సహా ఏదీ వదలకుండా. జాలీ సందులోంచి లింబయ్య చేత సంతకం చేయించి, గోరునూ కాగితాన్నీ మహేందర్ చేతికిచ్చింది. “అందిందని రాసి, టైము వెయ్యండి. మూడు నలభై అయింది.”

ఆయన గోరును కవరులో సీలు చేయించాడు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. “రిపోర్టు చేతికి తీసుకున్నాను. సంతకం మాత్రం నిజం తేలాక పెడతాను. ఐదున్నరకు ఈయనను బోధన్ తీసుకుపోతా. ఈలోగా ఆ వైరు ఎక్కడిదో చూపించండి.”

“సంతకం పెట్టుడు మీ డ్యూటీ. దయ కాదు.”

“అయితే కంప్లయింట్ చేసుకోండి.”

చేయవచ్చు. సోమవారం ఆఫీసు తెరిచాక. ఠాణాకు పోదామంటే కాగితం ఆయన జేబులో ఉంది, లింబయ్య ఆయన బోనులో ఉన్నాడు. గడువు మాత్రం ఐదు ఇరవైకి పోతుంది. “బాపురావు పటేలు తోటకు పోనియ్యండి,” అంటూ జ్యోతిరాణి జీపెక్కింది. గార్డులు ఇద్దరూ గొయ్యి దగ్గర ఉండిపోయారు.

* * *

బాపురావు చెరకు తోట మూలమలుపుకు అర కిలోమీటరు లోపల ఉంది. రోడ్డు వైపు సగం నరికి ఉంది. ఎండిన ఆకు మోకాలెత్తున పరుచుకుని ఉంది. గేటు దగ్గర బాపురావే ఎదురొచ్చాడు. తెల్లబట్టలు, మెత్తని మాట.

“చూసుకోండ్రి సార్, మా చేన్ల దాసేదేముంది? రేపు ఆకు కాల్చేది ఉండె, మీరు ఒకరోజు ముందొచ్చిండ్రు.” బోనులో ఉన్న లింబయ్యను చూసి నొచ్చుకున్నట్టు నాలుక చప్పరించాడు. “పాపం, అమాయకుడు.” తరువాత జీపు డ్రైవర్ భుజం మీద చెయ్యి వేశాడు. “పొద్దటి నుంచి తిరుగుతున్నవ్, దా తమ్మీ, చాయ తాగుదువు.”

నాలుగు ఇరవై. జ్యోతిరాణి, మహేందర్ ఇంకా నరకని చెరకులోకి దిగారు. గాలి ఆడని చోటు. ఆకులు చేతులు గీసుకుపోతున్నాయి.

“ఒక సంగతి నాకు కుదరట్లేదు,” అన్నాడు మహేందర్ వెనకనుంచి. “ఈయనకు ఇరవై ఎకరాలుంది. పులి చస్తే ఇక్కడే పాతుకోవచ్చు. రోడ్డు దాకా మోసుకుపోయి ఇంకొకరికి అంటగట్టాల్సిన అవసరమేంటి?”

“నేనూ అదే అనుకుంటున్న.”

తోట నడిమధ్య పందులు తిరిగే బాట దగ్గర ఆమె ఆగింది. నేలలో వరసగా చిన్న చిన్న బొక్కలు. కట్టెలు పీకేసిన గుర్తులు. రెండు బొక్కల మధ్య మన్ను నల్లగా మాడి ఉంది, దాని మీద పసుపుపచ్చ వెంట్రుకలు నాలుగు. మహేందర్ వంగి వాటిని వేళ్ల మధ్యకు తీసుకున్నాడు. ఆయన మొహంలో మొదటిసారి ఓటమి కాక బాధ కనిపించింది. పది రోజులు దాని వెంట తిరిగినవాడు కదా.

“చిరుతే,” అన్నాడు మెల్లగా. “మీరు గెలిచారు.”

కానీ జ్యోతిరాణి వినడం లేదు. పది అడుగుల అవతల, అదే వరసలో, ఇంకో మాడిన మచ్చ ఉంది. దాని పక్కన ఆకు కింద సగం కరిగి ముద్దైన నీలం హవాయి చెప్పు. కరగని సగంలో పట్టీకి ఎర్ర దారం కట్టి ఉంది. ఇంకాస్త లోపల, మనిషి పొడవున, కొత్తగా తవ్వి పూడ్చిన మన్ను.

ఆమెకు దడి అవతల నిలబడి అడిగిన ఆ పిల్ల గొంతు చెవిలో మళ్లీ వినిపించింది.

“మీరడిగినదానికి జవాబు ఇది,” అంది. “ఇక్కడ అప్పటికే ఒక గొయ్యి ఉంది. చిరుత మాయమైతే మీరు కెమెరాలతో, కుక్కలతో ఈ తోటలన్నీ గాలిస్తరు. చిరుత లింబయ్య పొలంల దొరికితే మీ ఎదుకులాట అక్కడనే ఆగిపోతది. ఇటు దిక్కు ఎవ్వలు రారు.”

మహేందర్ ఆ మన్ను వైపు ఒక అడుగు వేశాడు. అంతలో ఇద్దరికీ ఒకేసారి వాసన తగిలింది. గేటు వైపు నుంచి దట్టమైన పొగ చెరకు మీదుగా దొర్లుకుంటూ వస్తోంది. దాని వెనక ఎండుటాకు చిటపటలు.

“రేపు కాలుస్తానన్నాడు కదా,” అన్నాడు మహేందర్, నమ్మలేనట్టు.

“మనం ఇంత లోపలికి వస్తమని అప్పుడు అనుకోలే.”

ఆయన గబగబా జేబులోంచి కాగితం తీశాడు. మోకాలి మీద పెట్టుకుని రాశాడు. రిపోర్టు అందినది, శనివారం, మధ్యాహ్నం 3.40. సంతకం చేసినది 4.52. గోరు కవరుతో పాటు ఆమె చేతిలో పెట్టాడు. “మూడు నలభైకే పెట్టాల్సింది. తప్పు నాది. మీ కాళ్లు నాకంటే చురుకు. వెనక కాలువ ఉంది, అటు పరుగెత్తండి. ఇది ఠాణాలో ఇవ్వండి.”

మధ్యాహ్నం నుంచి లింబయ్య ఏ ముక్క కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాడో అది ఇప్పుడు ఆమె గుప్పిట్లో ఉంది. ఇరవై ఎనిమిది నిమిషాలు మిగిలి ఉండగానే. ఆమె కాలువ వైపు రెండడుగులు వేసింది. ఆగిపోయింది.

“జీపు ఎక్కడ పెట్టిండ్రు?”

“గేటు దగ్గరే. నరికిన ఆకు మీద. డ్రైవర్ ఉన్నాడుగా…” అని, ఆ మాట సగంలోనే మింగాడు.

డ్రైవర్‌ను బాపురావు వాళ్ల కళ్ల ముందే చాయకు తీసుకుపోయాడు.

మహేందర్ చెయ్యి మెల్లగా ప్యాంటు జేబు మీదికి పోయింది. లోపల బోను తాళం చెవి గుచ్చుకున్నట్టుంది, చెయ్యి అక్కడే ఉండిపోయింది. పొగ అవతల ఎవరో ఇనుప జాలీని రెండు చేతులతో గుద్దుతున్నారు.